నియామకములపై పార్లమెంటు అధికారము: 1949 జూన్ నాటి చర్చ

రాజ్యాంగ సంస్థల అధిపతులను నియమించుట ప్రభుత్వము పనియనియు, తొలగించు ఘట్టమునందే చట్టసభకు ప్రమేయము కలదనియు, ఈ యేర్పాటును మన రాజ్యాంగకర్తలు బ్రిటిషు సంప్రదాయమునుండి ప్రశ్నింపకయే గ్రహించిరనియు చెప్పుట పరిపాటియైనది. నియామకములు ప్రభుత్వముచేతిలోనే నడచినమాట నిజమే కాని, ప్రశ్నింపకయే యన్నమాటను రాజ్యాంగసభ చర్చలను చదివినవారు ఒప్పుకొనజాలరు.

తొలగింపు చరిత్ర సుపరిచితము. 1701 నాటి ఇంగ్లండు శాసనము ఉభయసభల విజ్ఞాపన లేనిదే న్యాయమూర్తులను తొలగింపరాదనెను. 1866లో ఆ రక్షణ అక్కడి ఆడిటర్ జనరల్‌కు లభించెను. 1935 నాటి ఇండియా శాసనము ఇక్కడి ఆడిటర్ జనరల్‌ను ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి సరసన నిలిపెను. మన 148వ అధికరణము ఆ త్రోవనే సాగినది.

అసలు వివాదము 1949 జూన్ 15, 16 తేదీలలో ఎన్నికల సంఘమునకు సంబంధించిన అధికరణముపై చెలరేగెను. ప్రధాన ఎన్నికల కమిషనరును సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించు రీతినే తొలగింపవలెనని చిత్తుప్రతి చెప్పుచుండగా, శిబ్బన్ లాల్ సక్సేనా అంతటితో తృప్తిపడలేదు. రాష్ట్రపతి నియామకమనగా ప్రధానమంత్రి నియామకమేయనియు, రాబోవు ఎన్నికలలో గెలువగోరు పక్షము తనవానినే ఆ పీఠముపై కూర్చుండబెట్టినచో, స్వాతంత్ర్యమునకై కల్పించిన రక్షణయే అతనిని కదలింపరానివానిగా చేయుననియు వాదించి, ఉభయసభల సంయుక్త సమావేశములో మూడింట రెండువంతుల ఆధిక్యముతో నియామకము ధ్రువపడవలెనని ఆయన కోరెను. తొలగింపు ఎంత కష్టమైనచో నియామకము అంత విశాలమైన సమ్మతిపై నిలువవలెనను ఈ తర్కమునకు నాటినుండి నేటివరకు సరియైన సమాధానము వచ్చినట్లు నాకు తోపదు.

అంబేద్కర్ సైతము దీనిని త్రోసిపుచ్చలేదు. అయోగ్యుడో, ప్రభుత్వమునకు లొంగిపోవువాడో ఆ పదవిలోనికి రాకుండ ఆపు ఏర్పాటు లేనప్పుడు పదవీకాలమునకెంత భద్రత కల్పించినను ప్రయోజనము లేదని ఆయనయే అంగీకరించెను. అమెరికా సెనేటు పద్ధతిని ప్రస్తావించి, అందలి మేలును గుర్తించుచునే, అది కాలయాపనకు దారితీయుననియు, నియామకములలో రాజకీయములను చొప్పించుననియు శంకించెను. రాష్ట్రపతి ఎవరిని సంప్రదింపవలెనో చెప్పు ఆదేశపత్రమొకటి మధ్యేమార్గము కాగలదని ఆయన సూచించెను గాని, అది రూపుదాల్చలేదు. హృదయనాథ్ కుంజ్రూ మాత్రము ఈ విషయములను శాసనముచే నిర్ణయించు అధికారము పార్లమెంటునకు ఉండవలెనని పట్టుపట్టెను. పార్లమెంటు చేయు శాసనమునకు లోబడి రాష్ట్రపతి నియమించవలెనను నియమము 324వ అధికరణములో చేరుట ఆ చర్చ ఫలితమే. సభల ధ్రువీకరణ అందు లేదు. శాసనము చేసితీరవలెనను నిర్బంధమును లేదు. అయినను రాజ్యాంగసభ ఈ తలుపును మూసివేయలేదు. దానిని తెరచుటకు పార్లమెంటే డెబ్బదిమూడేండ్లకు పైగా పూనుకొనలేదు.

ఆ ఉపేక్షకు ఫలితములు కనబడకపోలేదు. 1989 అక్టోబరులో నియమింపబడిన ఇద్దరు కమిషనర్ల పదవులను 1990 జనవరి 1న ప్రభుత్వము రద్దుచేసెను. ప్రధాన న్యాయమూర్తిని, ప్రతిపక్ష నాయకుని సంప్రదించి ప్రధాన కమిషనరును నియమింపవలెనని గోస్వామి సంఘము 1990లో సిఫారసు చేయగా, ఆ సంవత్సరమే ప్రవేశపెట్టబడిన సవరణబిల్లు 1994లో ఉపసంహరింపబడెను.

తుదకు కదలిక న్యాయస్థానమునుండి వచ్చెను. 2023 మార్చి 2న సుప్రీంకోర్టు, శాసనము వచ్చువరకు, ప్రధానమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, ప్రధాన న్యాయమూర్తి గల కమిటీని ఏర్పరచెను. అదే సంవత్సరము డిసెంబరులో పార్లమెంటు చేసిన శాసనము ప్రధాన న్యాయమూర్తి స్థానములో ప్రధానమంత్రి ఎంచుకొను కేంద్రమంత్రిని నిలిపెను. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వమువారే యైనప్పుడు మూడవవాని అసమ్మతి రికార్డులో మిగులునే గాని నిర్ణయమును మార్పజాలదు. 2024 మార్చిలో జరిగిన ఎంపికకు ముందురాత్రి తనకు 212 పేర్ల జాబితా ఇచ్చి, సమావేశమునకు కొద్ది నిమిషములముందు ఆరు పేర్లను చూపిరని లోక్‌సభలోని ప్రతిపక్ష సభ్యుడు అధీర్ రంజన్ చౌదరి బహిరంగముగా ఆక్షేపించెను. దీనిని చట్టసభ నియంత్రణమని పేర్కొనుటకు నాకు మనసొప్పదు. ప్రతిపక్ష నాయకుడు సభ కాడు. పేర్లు సభలముందుకు రానేలేదు, చర్చ జరుగనేలేదు.

సక్సేనా కోరిన మూడింట రెండువంతుల నియమములోను చిక్కు లేకపోలేదు. 1993లో జస్టిస్ రామస్వామిని తొలగించు తీర్మానమునకు లోక్‌సభలో 196 మంది అనుకూలముగా ఓటు వేయగా, 205 మంది ఓటు వేయక ఊరకుండుటచే అది వీగిపోయెను. అంతటి ఆధిక్యమును షరతుగా పెట్టినచో నియామకములును అట్లే స్తంభించవచ్చును. కావున సభాసంఘమొకటి అభ్యర్థులను బహిరంగముగా విచారించి, తన నివేదికను ఉభయసభల ముందుంచుట నాకు ఎక్కువ ఆచరణీయముగా తోచుచున్నది. తక్కిన కమిషనర్ల తొలగింపు మరింత శోచనీయము: ప్రధాన కమిషనరు సిఫారసు లేనిదే వారిని తొలగింపరాదు గాని, ఆ సిఫారసు వచ్చినపిమ్మట సభల ఆమోదముతో పనిలేదు. 2009లో అట్టి సిఫారసు రాగా, తిరస్కరించినదియు ప్రభుత్వమే. 2023 శాసనము ఈ భేదమును యథాతథముగా నిలిపియుంచెను.