గోదారి దారికి పెత్తనం ఎవరిది?

మన కోయ, కొండరెడ్డి పల్లెలకు రోడ్డు పడకముందే గోదావరి దారి ఉంది. దోనెల మీద, వెదురు తెప్పల మీద మనవాళ్లు సంతలకు వెళ్లారు, చుట్టరికాలు నడుపుకున్నారు. అయితే ఈ దారికి డబ్బు ఎవరు పెట్టాలి, పెత్తనం ఎవరు చేయాలి అన్నది మాత్రం ఎప్పుడూ మన ఊళ్ల బయటే తేలింది.

1860లో నైజాము, ఇంగ్లీషువారు చేసుకున్న ఒడంబడికతో గోదావరి ఎడమ గట్టున భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు చేతులు మారాయి. నది మీద పోయే సరుకుకు సుంకం ఉండదని కూడా అందులోనే రాసుకున్నారు. ఎగువ పత్తిని పడవల్లో కాకినాడ రేవుకు దింపాలన్నది ఆర్థర్ కాటన్ వంటివారి పట్టుదల. దానికోసమే దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చుకు తగ్గ రాబడి లేదని 1871లో సర్కారు ఆ పని మధ్యలోనే వదిలేసింది. లెక్కంతా పత్తి మూటలదే. గట్టు మీది పల్లెల రాకపోకలు ఆ లెక్కలోకి రాలేదు.

2008లో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరిని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. దాని బాధ్యత 1986లో ఏర్పడిన కేంద్ర జలమార్గాల సంస్థది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం నోయిడాలో ఉంది. పీసా చట్టం చూద్దామంటే, అది పంచాయతీలకు అప్పగించమన్నది చిన్న నీటి వనరులనే. గోదావరి అందులోకి రాదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. నాటు పడవలేసుకుని వెళ్లి ఎందరినో ఒడ్డుకు చేర్చింది అక్కడి గిరిజనులే. సుడి ఎక్కడ తిరుగుతుందో ఎరిగిన మనుషులు వాళ్లు. ప్రాణాలు కాపాడటానికి పనికొచ్చిన ఆ తెలివి, నదిని నడిపించే చోట కూడా పనికిరావాలి కదా!

అందుకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టంలో రెండు దారులున్నాయి. ఇంజను లేని పడవల నమోదు, పర్యవేక్షణ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గ్రామస్థాయి స్థానిక సంస్థల దాకా అప్పగించవచ్చు. ప్రమాదాలకు సిద్ధంగా ఉండటానికి, కాలుష్యాన్ని అరికట్టడానికి రాష్ట్రం ఒక అభివృద్ధి నిధిని ఏర్పాటు చేయాలి.

ఇవి అడగకుండా మన ఊరికి నడిచిరావు. ఉపాధ్యాయులుగా మనం ఈ చట్టాన్ని తెలుగులో పిల్లలకు, పెద్దలకు చదివి చెప్పాలి. చదువుకున్న యువకులు గ్రామసభలో తీర్మానం రాయించాలి: మన పడవల నమోదు మన పంచాయతీకి ఇవ్వాలి, ఆ నిధిలోంచి మన రేవులకు లైఫ్ జాకెట్లు, తాళ్లు, కాపలా పడవలు రావాలి, ఆ పడవలు నడిపే జీతం మన పిల్లలకే దక్కాలి.