ధనుష్కోటి: రైలు ఓడను కలిసిన రేవు

తమిళనాడులోని రామేశ్వరం ద్వీపానికి ఆగ్నేయ కొసన, రెండు సముద్రాల నడుమ సన్నగా సాగిన ఇసుక తిన్నె మీద వెలసిన ధనుష్కోటి రైల్వే స్టేషన్, 1914 నుంచి 1964 దాకా భారతదేశానికీ సింహళానికీ, అంటే నేటి శ్రీలంకకూ, మధ్య ప్రధాన ద్వారంగా నిలిచింది. అంతకు ముందు మద్రాసు నుంచి కొలంబో వెళ్లేవారు తూత్తుకుడి దాకా రైల్లో పోయి, అక్కడ ఓడెక్కి సుదీర్ఘమైన సముద్రయానం చేయవలసి వచ్చేది. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన ప్రారంభమై, మీటర్ గేజ్ మార్గం, అంటే రెండు పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే మార్గం, ద్వీపంలోకి చేరడంతో ఓడ ప్రయాణం సుమారు 35 కిలోమీటర్లకు తగ్గింది. నౌకలకు దారి విడవడానికి ఆ వంతెన నడిమి భాగం రెండు రెక్కలుగా పైకి లేచేది. దానిని కూలీలు మీటలు తిప్పి చేతులతోనే లేపేవారు.

మద్రాసు ఎగ్మూరులో బయలుదేరిన బోట్ మెయిల్, అంటే ఓడ వేళకు ప్రయాణికులను చేర్చే రైలు, నేరుగా రేవు గట్టు దాకా వచ్చేది. అక్కడ దిగినవారు స్టీమరెక్కి అవతలి ఒడ్డున తలైమన్నార్ చేరి, కొలంబో రైలు అందుకునేవారు. మద్రాసులో కొన్న ఒక్క టికెట్టే చివరిదాకా చెల్లేది. సుంకాల కార్యాలయం, తపాలా కార్యాలయం, బడి, ఆసుపత్రి అన్నీ ఈ రాకపోకల చుట్టూ పెరిగినవే కనుక, స్టేషన్ వల్ల ఊరు నిలిచిందనడమే న్యాయం. కాశీయాత్ర ముగించి సేతుస్నానానికి, అంటే ఇక్కడి సముద్రంలో చేసే పుణ్యస్నానానికి, వచ్చే తెలుగు యాత్రికులు కూడా ఈ స్టేషన్‌లోనే దిగేవారు.

1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వేళ, పెనుతుపానులో పాంబన్ నుంచి బయలుదేరిన 653 నంబరు పాసింజరు ధనుష్కోటి చేరువలో, సిగ్నల్ పడక కాసేపు ఆగి, దారి కనబడని చీకటిలో కూత వేస్తూ మెల్లగా ముందుకు సాగిందని చెబుతారు. అంతలో విరుచుకుపడిన ఉప్పెన రైలును ముంచెత్తడంతో అందులోని వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఊరూ, రేవూ, పట్టాలూ ఆ రాత్రే కొట్టుకుపోయాయి.

దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో పునరుద్ధరించారు. ద్వీపంలోని రామేశ్వరం ఆలయానికి యాత్రికులు చేరాలి కనుక ఆ తొందర సహజమే. కానీ అదే శ్రద్ధ ధనుష్కోటి మార్గానికి దక్కలేదు, ఆ ప్రాంతం నివాసానికి తగదని ప్రభుత్వం ప్రకటించింది. ఊరిని తుడిచిపెట్టింది సముద్రమే అయినా, అది మళ్లీ లేవకపోవడానికి ఈ నిర్ణయం కూడా కారణమని చెప్పక తప్పదు. ఓడల రాకపోకలు రామేశ్వరానికి మారి, 1980లలో శ్రీలంక అంతర్యుద్ధంతో ఆగిపోయాయి. 2019లో ధనుష్కోటి మార్గానికి మళ్లీ శంకుస్థాపన జరిగినా పట్టాలు పడలేదు. రైళ్ల ప్రయాణం నేటికీ రామేశ్వరంతోనే ముగుస్తోంది.