చూచినవారు లేని హత్య

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో పొలముగట్టున నొక శవము కనబడినచో జనులు మొదట అడుగు ప్రశ్న “ఎవరు చూచిరి?” అని. చూచినవారు లేనిదే నేరము రుజువు కాదని వారి నమ్మకము. దాని ప్రక్కనే మరియొక నమ్మకము కలదు: పగ యున్నవాడే చంపియుండును. మొదటి నమ్మకము హంతకుని కాపాడును. రెండవది నిరపరాధిని ఉరికంబమెక్కించును. ఈ రెంటి నడుమ నడువవలసినది పరిస్థితుల సాక్ష్యము.

1872 నాటి సాక్ష్యచట్టము, నిజాము ఏలుబడిలో నుండిన ఈ సీమకు 1951లో గాని వర్తింపలేదు. అంతకు ముందే ఆ చట్టము క్రింద మిక్కిలి పేరొందిన తీర్పులలో నొకటి, దూరపు కోస్తాలోని యొక తెలుగు కుటుంబపు అప్పుల తగవునుండి పుట్టినది.

పిఠాపురము దివానుగారి కొలువులో నూకరాజు అను బంట్రోతు ఉండెను. దివానుగారి అల్లుడు పాకాల నారాయణస్వామి. ఆయన భార్య 1936లో ఆ బంట్రోతువద్ద నూటికి 18 వడ్డీకి పలుమారులు చిన్నచిన్న మొత్తములుగా 3,000 రూపాయలు బదులు తీసికొనెను. దివానుగారి కుమార్తె తన తండ్రి సేవకునికే ఋణపడుట మన పెద్దిండ్ల స్థితిని గూర్చి చాల చెప్పును. కాని ప్రస్తుతము కథ అది కాదు. 1937 మార్చి 20వ తేదీన నూకరాజునకు సంతకము లేని యుత్తరమొకటి వచ్చెను. బరంపురము వచ్చి బాకీ పుచ్చుకొనుమని ఆమె వ్రాసినదని అతడు భార్యతో చెప్పి, మరునాడు బయలుదేరెను, మరల రాలేదు. 23వ తేదీన పూరీ స్టేషనులో, రైలు మూడవ తరగతి పెట్టెలో, ఎవరును అడుగని ఉక్కు ట్రంకులో అతని శరీరము ఏడు ముక్కలుగా దొరకెను.

చంపుట చూచినవారు లేరు. పరీక్షించిన మేజిస్ట్రేటు సాక్ష్యము చాలదని ముద్దాయిల నందరిని వదలిపెట్టెను. సెషన్సు జడ్జి అంగీకరింపక విచారణకు రప్పించెను. ఆ ట్రంకు బరంపురములోనే ముద్దాయి కొరకు కొనబడెననియు, జట్కాబండిలో స్టేషనుకు చేరెననియు సాక్షులు పలికిరి. అప్పుపత్రములు మృతుని ఇంటనే దొరకెను. భార్య నిర్దోషిగా విడుదలయ్యెను. భర్తకు మరణశిక్ష పడెను. పాట్నా హైకోర్టు ఆ శిక్షను స్థిరపరచెను.

ప్రీవీ కౌన్సిలు 1939 జనవరిలో చేసిన పని గమనింపదగినది. మృతుడు తన యింటికి వచ్చి, రాత్రి నిద్రించి, మరునాటి సాయంకాలము వెడలెనని ముద్దాయి పోలీసులతో చెప్పియుండెను. ఆ మాట అభియోగమునకు ఎంతయో సహాయకారి. అయినను, దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాట చెల్లదని లార్డు అట్కిను దానిని త్రోసివేసెను. విధవ చెప్పిన భర్త మాటలను మాత్రము, మరణమునకు దారితీసిన పరిస్థితులలోనివని అంగీకరించెను. పనికివచ్చు సాక్ష్యమును చట్టము కొరకు విడిచియు, మిగిలినది చాలునని అప్పీలు కొట్టివేయుటయే ఈ తీర్పు గొప్పతనమని నా యభిప్రాయము.

శిక్ష విధించుటకన్న విడిచిపెట్టుట కష్టము. పూనాలో నొక యువతి విషముచే మరణింపగా, ఆమె భర్తకు పడిన మరణశిక్షను 1984లో సుప్రీముకోర్టు రద్దుచేసెను. ఆమె ఆత్మహత్య చేసికొనియుండుట అసంభవమని తేలలేదు. “చంపియుండవచ్చును” అనుట వేరు, “ఇతడే చంపియుండవలెను” అనుట వేరనియు, పరిస్థితులన్నియు ముద్దాయి అపరాధమునే తప్ప మరియే యూహకును చోటీయరాదనియు ఆ శారదా కేసు నిర్ణయించినది.

ఇంటి నాలుగు గోడల నడుమ కోడలు చచ్చినప్పుడు చూచువారెవరు? మన పొరుగుననున్న నాందేడు జిల్లా కేసొకటి 2006లో సుప్రీముకోర్టుకు వచ్చినది. భార్య పాముకాటుచే మరణించెనని ఇంటివారు పుట్టింటికి కబురంపిరి. శవపరీక్షలో గొంతు నులిమినట్లు తేలెను. ఇంటిలో జరిగినదానికి ఇంటివారే సమాధానము చెప్పవలెననియు, అబద్ధపు సమాధానము గొలుసులో మరియొక కొలికి యగుననియు కోర్టు పలికెను. అయినను అభియోగము రుజువు చేయు మొదటి భారము ప్రభుత్వముదే. 2024 జూలై 1 నుండి అమలైన క్రొత్త సాక్ష్యచట్టమునను ఈ నియమము నిలిచియేయున్నది.

ఇట్టి సాక్ష్యము త్వరగా చెడును. పోలీసులు రాకమునుపే నేల కడిగి, చీర మార్చి, దహనమునకు తొందరపెట్టువారు మన పల్లెలలో నేటికిని కలరు.