ఇత్తడి తోమడం: బిందె నుంచి తూటా దాకా

ఇత్తడి తోమడం అంటే ఇత్తడి మీద పట్టిన చిలుమునీ మసినీ పులుపుతోనో రాపిడితోనో వదలగొట్టడం. తెలుగు ఇళ్లలో ఇది బిందెలకీ చెంబులకీ దీపపు కుందులకీ చేసే పని. తుపాకీ గురి క్రీడగా సాగే దేశాల్లో, పేల్చిన తూటా గొట్టాన్ని మళ్లీ మందుతో నింపుకునేవాళ్లు మొదట చేసే పని కూడా ఇదే. రెండుచోట్లా లోహం ఒకటే, దాన్ని శుభ్రం చేసే గుణమూ ఒకటే. అందుకే ఈ రెండు కథలూ కలిపి చెప్పుకోవాల్సినవి.

ముందు బిందె కథకి కనిగిరి ప్రాంతాన్ని చూద్దాం. ఈ ఊరు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. మెట్టసీమ, భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. మంచినీళ్లు దూరాన్నుంచి మోసుకొచ్చుకునే చోట బిందెకి ఉండే విలువ వేరు. ఆడపిల్లకి సారెలో ఇచ్చే బిందె మీద పేరు చెక్కించేవారు. తోమగా తోమగా ఆ అక్షరాలు అరిగి, వేలితో తడిమితే తప్ప తెలియని బిందెలు ఇప్పటికీ అటకల మీద కనిపిస్తాయి.

తోమే తీరు ఇది. పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పికి కాస్త ఉప్పు చేర్చి బిందె మీద రుద్దుతారు. నలుపు కరిగి వేళ్ల సందుల్లోంచి మురికి రసం కారుతుంది. దాని కింద ఇత్తడి వెంటనే పచ్చగా కనపడదు, ముందు కొంచెం గులాబీ ఛాయ తేలుతుంది. అప్పుడు నీళ్లు పోసి, జల్లించిన కచ్చిక బూడిదనో ఇటుక పొడినో కొబ్బరి పీచుకి అద్ది గుండ్రంగా తోమితే బంగారు రంగు వస్తుంది. బూడిద క్షారం కాబట్టి మిగిలిపోయిన పులుపుని విరిచేస్తుంది కూడా. ఆఖర్న మంచినీళ్లతో తొలిచి పొడిగుడ్డతో తుడవాలి. ఉప్పునీళ్లతో కడిగి ఎండలో బోర్లిస్తే తెల్ల చారలు కడతాయి.

ఇందులోని రసాయనం తేలికే. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. అది లోహాన్ని పెద్దగా తినకుండా, పైన పేరుకున్న రాగి ఆక్సైడ్‌ని కరిగిస్తుంది. ఉప్పు ఆ పనిని త్వరపెడుతుంది. అయితే ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. పులుపులో గంటల తరబడి నానితే పైపొరలోని జింకు ముందుగా కరిగిపోయి రాగి మిగులుతుంది. గులాబీ రంగు వదలకుండా ఉండిపోవడం దాని గుర్తే. రాత్రంతా నానబెట్టడం శ్రమ తగ్గించినా గిన్నెకి చేటు.

వంట గిన్నెలకి లోపల తగరంతో కళాయి వేయించడం దీనికి తోబుట్టువు లాంటి పని. కాలిన గిన్నెలో నవాసారం చల్లగానే ముక్కు అదిరే పొగ లేస్తుంది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి విడిపోయి పుట్టే ఆమ్లపు ఆవిరి ఆక్సైడ్‌ని ఊడ్చేస్తేనే తగరం అంటుకుంటుంది. బుడితి, పెంబర్తి, అజ్జరం లాంటి ఇత్తడి పనికి పేరున్న ఊళ్లలోనూ వస్తువు తయారీ చివర మెరుగు పెట్టడంతోనే ముగుస్తుంది.

ఇక తూటా కథ. తూటా గొట్టానికి వాడే ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. రేకు నుంచి చిన్న గిన్నెలాగా కొట్టి, దాన్ని విడతలు విడతలుగా సాగదీసి గొట్టం చేస్తారు. ప్రతి సాగుకీ లోహం గట్టిపడుతుంది కనుక మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తారు. కాల్చినప్పుడు పట్టే నల్లపొరని పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి వదిలిస్తారు. వంటింట్లో చింతపండు చేసే పనే ఇక్కడ పెద్ద తొట్లలో జరుగుతుంది.

పేలినప్పుడు ఇత్తడి గొట్టం ఉబ్బి, మళ్లీ కొంత వెనక్కి తగ్గుతుంది. ఈ సాగే గుణం వల్లే దాన్ని తిరిగి వాడుకోగలుగుతున్నారు. 19వ శతాబ్దంలో వాడిన నల్ల తుపాకీ మందు బరువులో సగానికి పైగా మసిగా, లవణాలుగా మిగిలిపోయేది. అది తేమ పీల్చి ఇత్తడిని తినేస్తుంది కాబట్టి గొట్టాలను ఆలస్యం చేయకుండా సబ్బునీళ్లలో కడిగేవారు. ఆనాటి ప్రైమర్లలో, అంటే మందుని అంటించే అడుగు బిళ్లల్లో, ఉండే పాదరసపు సమ్మేళనం మరో చిక్కు. పేలాక పాదరసం ఇత్తడిలో కలిసి దాన్ని పెళుసు చేసేది. ఎంత కడిగినా ఆ దెబ్బ పోయేది కాదు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపు శాలల్లో, కొట్టాల్లో నిల్వ ఉంచేది. ఎండలు వచ్చాక తీసి చూస్తే చాలా గొట్టాలు, ముఖ్యంగా గుండుని బిగించిన మూతి దగ్గర, చీలి ఉండేవి. రుతువుతో పాటు వచ్చే పగులు కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అన్న పేరు పడింది. అసలు కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, సాగదీతలో లోహం లోపల మిగిలిన ఒత్తిడి కలిసి చేసిన పని అది. గొట్టాన్ని తక్కువ వేడిలో కాల్చి ఆ ఒత్తిడి తీసేయడమే విరుగుడు. ఈ నాటికీ తూటా గొట్టాలకి అమ్మోనియా కలిసిన పాలిష్ ద్రవాలు వద్దంటారు. బిందెలనైనా పశువుల కొట్టంలో పడేయకపోవడం మేలు.

తూటా గొట్టాలను శుభ్రం చేసేది తళతళల కోసం కాదు. మసి పోతేనే మూతి దగ్గర చీలిక, అడుగు దగ్గర సాగి పలచబడిన గీత కంటికి ఆనతాయి. అలాంటివి పక్కన పడేయాలి. మసిలో ప్రైమర్ నుంచి వచ్చిన సీసం కూడా ఉంటుంది కాబట్టి ఈ పనికి వంటింటి గిన్నె వాడితే ఆరోగ్యానికి ప్రమాదం. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా విడిభాగాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

విదేశాల్లో ఇందుకు అదిరే యంత్రాల్లో మొక్కజొన్న బెండు రవ్వ, వాల్‌నట్ పెంకుల పొడి వాడుతున్నారు. సన్నటి స్టీలు పుల్లలు వేసి నీళ్లలో దొర్లించే పద్ధతీ ఉంది. ఆ నీళ్లలో కాస్త సబ్బు, చిటికెడు సిట్రిక్ ఆమ్లం వేస్తారు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని పొట్లం కట్టి ఇచ్చేది అదే.