ఇనుము, తుప్పు, పాత పచ్చికకోత యంత్రము

ఇనుము లేని యిల్లు లేదు. తుప్పు చొరని యిల్లును లేదు. కొడవలి, గొడ్డలి, గడ్డపాఱ, నాగటి కఱ్ఱు, బావి గిలక, తలుపు గొళ్ళెము, వీనిలో దేనినైనను ఒక్క వానకాలము పట్టించుకొనక విడిచినచో దానిపై ఎఱ్ఱని పొడి తేలును. ఇంత పరిచితమైన వస్తువును గూర్చి ప్రత్యేకముగా ప్రసంగింప నేల యని పెద్దలు కొంద ఱడుగవచ్చును. తుప్పును గూర్చి మాటాడుట యనగా మన యుత్తర తెలంగాణపు చరిత్రలో నొక గొప్ప యధ్యాయమును గూర్చి మాటాడుటయే యని నా మనవి. అందుల కుదాహరణముగా ఒక పాత పచ్చికకోత యంత్రమును తీసికొందము. బడి యావరణలోనో, బంగళా వెనుకనో, సామానుల కొట్టములోనో మూలబడి, తిరుగక బిగిసిపోయి, తూకమున కమ్ముటకు సిద్ధముగా నున్న యంత్రమును తలచుకొనుడు.

ఈ యంత్రము మన దేశమున పుట్టినది కాదు. మనకు పశువులే పచ్చిక కోయు యంత్రములు. ఇంగ్లాండు దేశమున ధనికుల తోటలలో పచ్చికను తివాచివలె సమముగా నుంచు వేడుక యుండెను. అందులకై కూలీలు మంచు తడి యారకముందే, వేకువనే పొడవైన కొడవళ్ళతో కోయుచుండిరి. గ్లాస్టరుషైరు సీమలోని స్ట్రౌడు ప్రాంతమున ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అను పనివా డుండెను. అచ్చటి ఉన్ని మిల్లులలో బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించుటకు, కత్తులు మెలిగా చుట్టిన యొక చక్రము తిరుగుచుండుట నతడు చూచెను. బట్టపై నూగును కోయునది నేలపై గడ్డిని కోయరాదా యని యతనికి తోచెను. 1830వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన తన యంత్రమునకు పేటెంటు పొందెను. 1832లో ఇప్స్విచ్ పట్టణపు రాన్సమ్ కర్మాగారమువా రతని యనుమతితో ఆ యంత్రములను చేయ నారంభించిరి. తరువాత గుఱ్ఱములు లాగునవి, ఆవిరితో నడచునవి, పెట్రోలుతో నడచునవి వచ్చినవి. గుఱ్ఱపు డెక్కలు పచ్చికను చెఱుపకుండుటకై వానికి తోలు జోళ్ళు తొడిగెడివారట!

ఆ 1832వ సంవత్సరమును గుర్తుంచుకొనుడు. ఆ యేటనే కలకత్తాలోని బెంగాలు ఏషియాటిక్ సొసైటీవారి పత్రిక మొదటి సంపుటములో, అప్పటికి గతించిన హెన్రీ వాయ్సీ అను వైద్యుని వ్యాస మొకటి ప్రకటింపబడినది. దక్షిణ హిందూదేశమున ఉక్కు చేయు విధమును గూర్చిన వ్యాస మది. అత డందు వర్ణించినది మన కోనసముద్రమును. అది నిజామాబాదు జిల్లాలో, గోదావరికి దక్షిణముగా, కమ్మరపల్లి మండలమున నున్న గ్రామము. కమ్మరపల్లి యను పేరే కొలిమిని తలపించుచున్నది గదా!

కోనసముద్రపు పనివారు రెండు వేర్వేరు చోట్ల నుండి తెచ్చిన యినుమును కలిపెడివారు. ఒకటి ఇనుప యిసుక నుండి తీసినది, రెండవది ఎఱ్ఱ నేలలోని రాతి నుండి తీసినది. మట్టిలో ఊక కలిపి మూసలు చేసి, ఇనుము నందుంచి, మూత పెట్టి, గాలి చొరకుండ మెత్తి, ఇరువదినాలుగు గంటలు ఎడతెగక తిత్తు లూదుచు కాచెడివారు. మూస పగులగొట్టగా ఉక్కు ముద్ద వెలువడును. పారసీక దేశపు ఇస్పహాను నుండి వర్తకులు వచ్చి, దగ్గఱ నిలిచి, పని చూచుకొని, ఆ ముద్దలను కొనిపోవుచుండిరి. అంతకుముందే, 17వ శతాబ్దమున ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే, అలలవంటి గీతలు తేలు కత్తులకు దగిన యుక్కు గోలకొండ రాజ్యమునుండియే వచ్చునని వ్రాసియుండెను. డమాస్కసు కత్తియని లోకము మెచ్చిన దానికి ప్రాణము మన మట్టిమూసలలో నుండెను. ఆంగ్లేయులు దీనిని ఊట్జ్ అనిరి. అది మన ఉక్కు అను మాటకే మారురూపమని పండితు లనేకుల యభిప్రాయము. మహా శాస్త్రజ్ఞుడు ఫారడే సయితము 1819లో ఈ యుక్కును పరీక్షించెను.

ఇది కోనసముద్రపు గొప్ప మాత్రమే కాదు. కరీంనగరు, ఆదిలాబాదు, నిజామాబాదు, వరంగల్లు సీమలలో ఊరి వెలుపల నల్లని చిట్టెపు దిబ్బలు కనబడు గ్రామములు పెక్కు గలవు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ పండితులును, ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయపు పండితులును గలసి యీ సీమలలో తిరిగి యా దిబ్బలను పరిశీలించి వ్రాసికొనిరి. మన పిల్లలు ఎక్కి యాడుకొను దిబ్బలు ఒకప్పటి కర్మాగారముల గుర్తులని దీనివలన తేలినది.

ఇట్లు ఒకే కాలమున అక్కడ ఒక పరిశ్రమ మొలకెత్తుచుండగా ఇక్కడ ఒక పరిశ్రమ వాడిపోవుచుండెను. సీమ నుండి చౌకయైన యినుము వచ్చెను. తుపాకులు పెరిగి కత్తులకు గిరాకి తగ్గెను. కొలిమికి వలయు బొగ్గునకై కొట్టు నడవులపై కట్టుబాట్లు వచ్చెను. కొలుములు ఒక్కొక్కటిగా చల్లారెను. కొలిమి చల్లారిన పిదప కొన్ని తరములకే ఆ నేర్పు చేతులలో నుండి జారిపోయెను. మూసలు తవ్వితీయవచ్చును గాని, ఏ క్షణమున నిప్పు తగ్గింపవలెనో యెఱిగిన కన్నును తవ్వితీయలేము.

ఇక తుప్పనగా నేమి? భూమిలో ఇనుము శుద్ధముగా దొరకదు. ప్రాణవాయువుతో కలిసి ఎఱ్ఱరాయిగా, నల్లని యిసుకగా నుండును. కమ్మరి బొగ్గుమంటతో ఆ ప్రాణవాయువును విడదీసి యినుమును బయటికి తెచ్చును. నీరును గాలియు కూడి తాకినపుడు ఇనుము మరల ప్రాణవాయువును గ్రహించి మట్టివంటి పదార్థముగా మారును. అదియే తుప్పు. కాబట్టి తుప్పు యినుమునకు పట్టిన మురికి కాదు. ఇనుమే మన్నుగా మారుట. కమ్మరి యొకనాడు చేసిన పనిని మన యజాగ్రత్త వెనుకకు త్రిప్పుచున్నదన్న మాట. తుప్పు తానుపుట్టిన యినుముకంటె ఎక్కువ చోటాక్రమించును. అందుచేతనే మరలు బిగిసిపోవును, రేకులు ఉబ్బి పగులును. ఉప్పు తగిలినచో ఈ పని మఱింత వేగముగా సాగును.

ఢిల్లీలోని ఇనుప స్తంభము పదునాఱు వందల యేండ్లుగా ఎండవానలలో నిలిచి చెడలేదే యని కొందఱందురు. అది మంత్రము కాదు. ఆ యినుములో భాస్వరము హెచ్చుగా నుండుటచే దానిపై పలుచని కవచ మేర్పడినదని కాన్పూరు సాంకేతిక విద్యాలయపు ఆచార్యుడు బాలసుబ్రహ్మణ్యము నిరూపించెను. మన పాత యంత్రమునకు అట్టి కవచము లేదు. నూనెయు, రంగును మనమే తొడుగవలెను.

గోదావరికి చేరువగా, మంచిర్యాల ప్రక్కనున్న నస్పూరు 2016 వఱకు ఆదిలాబాదు జిల్లాలోనిది. నదికి ఆవలి యొడ్డు నాటి కరీంనగరు జిల్లా. చుట్టును సింగరేణివారి బొగ్గుగనులు గలవు. గనుల సీమ యగుటచే మరలు, బేరింగులు తెలిసిన ఫిట్టర్లకు కొదువ లేదు. ఇట్టిచోట పాత యంత్రమును బాగుచేయుట కష్టము కాదు. ఆ పని క్రమ మెట్టిదో చెప్పెదను.

మొదట ప్రమాదమును తొలగింపవలెను. చేతితో త్రోయు యంత్రమైనచో తిరుగు కత్తులచక్రము కదలకుండ కఱ్ఱముక్క నడ్డము పెట్టి త్రాటితో కట్టుడు. ఒక కత్తిని త్రిప్పగా మఱియొకటి వ్రేలిని తెగగొట్టును. పెట్రోలు యంత్రమైనచో పెట్రోలు తీసివేసి, స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీయుడు. పాత రంగులో సీసము, అనగా విషము, ఉండవచ్చును. కావున పొడిగా గీకి ధూళి రేపక, తడిపి గీకవలెను. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఆ చెత్తను పిల్లలకును పశువులకును దూరముగా నుంచవలెను.

పిదప ఎండిన గడ్డిని, మట్టిని కొబ్బరిపీచుతో తోమి, భాగముల నూడదీయుడు. ఊడదీసినవానిని ఊడిన వరుసనే ఒక పాతబట్టపై పేర్చినచో మరల బిగించునపుడు తికమక యుండదు. బిగిసిన మరలపై సాయంకాలము కిరోసినును నూనెను కలిపి చుక్కలుగా వేసి, రెండు మూడు రాత్రులు నాననిండు. ముందు కొంచెము బిగించు వైపునకు, తరువాత విప్పు వైపునకు త్రిప్పుడు. బలము చూపినచో మర తల తెగును. కిరోసిను పోసినచోట నిప్పు చూపరాదు. చట్రము పోత యినుముదైనచో సుత్తితో కొట్టరాదు; అది వంగదు, పగులును.

ఇక తుప్పును వదలించుట. పైపొరకు ఇటుకపొడి, తీగ కుంచె, ఉప్పుకాగితము చాలును. చిన్న భాగములను చింతపండు నీటిలోనో, వినిగరులోనో ఒక రాత్రి నానబెట్టుడు. పులుపు తుప్పును కరగించును. రాగి చెంబులు తోము చింతపండే యిక్కడను సాయపడును. కాని తుప్పు తీరిన పిదప ఆ పులుపు ఇనుమునే తిన నారంభించును గనుక రోజుల తరబడి యుంచరాదు. మట్టికుండయో, ప్లాస్టిక్కు తొట్టియో వాడుడు. అల్యూమినియము గిన్నె పనికిరాదు. చెఱకు మిల్లులలో మిగులు మొలాసిస్‌ను పదింతల నీట కలిపి రెండు వారములు నానబెట్టుట మఱియొక పద్ధతి. వాసన ఘోరమేగాని, అది యినుమును అంతగా తినదు. మరుగుదొడ్లు కడుగు యాసిడును మాత్రము తేకుడు. దాని యావిరి ప్రక్కనున్న పనిముట్లకు గూడ తుప్పు పట్టించును, మన యూపిరితిత్తులకును హానికరము.

పులుపునుండి తీసినవెంటనే బూడిద నీటనో, సోడా నీటనో కడిగి, శుభ్రమైన నీట జాడించి, గుడ్డతో తుడిచి, ఎండలో వేడెక్కనిండు. వెంటనే నూనె పూయుడు. ఇక్కడ ఆలస్యము చేసినవారికి గంటలోనే మరల ఎఱ్ఱని ఛాయ కనబడును. చేసిన శ్రమ సగము వృథాయగును. ఇరుసులకును పండ్లచక్రములకును గ్రీజు పెట్టుడు. బండి యిరుసునకు కందెన పెట్టు చేతులకు ఇది క్రొత్త విద్య గాదు. చట్రమునకు మొదట తుప్పు నాపు అడుగురంగును, అది యారిన పిదప పైరంగును వేయుడు. పూర్వము ఈ పనికి సీసపు సింధూరము వాడెడివారు. అది విషమని తేలినందున నేడు దానిని విడుచుట మేలు. కఱ్ఱ పిడికి అవిసెనూనె పట్టింపుడు.

చివర పదును. కత్తులచక్రము ఎంత పదునైనను, దాని క్రింద కదలక యుండు అడుగు కత్తిని సమముగా తాకనిదే గడ్డి తెగదు. కత్తెర రెండు రేకులవలె నివి యొకదాని నొకటి నమ్ముకొనియున్నవి. సానపొడిని నూనెలో కలిపి కత్తుల యంచులకు పూసి, చక్రమును వెనుకకు త్రిప్పినచో రెండును ఒకదానికొకటి సరిపడును. పొడిని పూర్తిగా తుడిచివేసి, కాగితపు ముక్క నందించి చూడుడు. ఈ కొననుండి ఆ కొనవఱకు శుభ్రముగా తెగినచో యంత్రము సిద్ధము. పగిలిన చట్రము, గుంటలుపడి పలుచనైన కత్తి మాత్రము ఇంట బాగుపడునవి కావు. వానిని కమ్మరికో, వెల్డింగు తెలిసినవానికో చూపవలెను. వాడిన ప్రతిసారి తడిగడ్డిని తుడిచి, నేలపై గాక పలకపై నుంచి, వానకాలమునకు ముందు ఒక్కసారి నూనె పూసినచో ఆ యంత్రము మీ మనుమల చేతికి వచ్చును.

ఒక పాత యంత్రమునకై ఇంత శ్రమ యెందులకు, క్రొత్తది కొనవచ్చును గదా యని కొందఱందురు. కొనవచ్చును. కాని ఊడదీసి చూచినవానికే యంత్రపు రహస్యము తెలియును. ఉన్ని మిల్లులోని చక్రమును చూచి పచ్చికను తలచిన బడ్డింగు పెద్ద చదువులు చదివి ఆ యంత్రమును కనిపెట్టలేదు. చేతితో పనిచేయుచు కనిపెట్టెను. మన కోనసముద్రపు పనివారును చేతితోనే లోకమును మెప్పించిరి. వారి కొలుములు చల్లారుటకు కారణములు మన చేతిలో లేవు. మన యింటి కొట్టములోని పనిముట్టు మన్నైపోవుట మాత్రము మన చేతిలోనే యున్నది. పెద్దలు ఈ పనికి కూర్చున్నపుడు ప్రక్కన ఇంటి పిల్లవాని నొకని కూర్చుండబెట్టుకొని, మరల డబ్బా వాని చేతి కిచ్చినచో, పనిముట్టుతోపాటు పనియు నిలుచును.