ఏ ఒంట్లో ఉన్నా జీవుడే

కనుమనాడు తెల్లవారకముందే మైలవరం చుట్టుపక్కల పల్లెల్లో పశువుల కొట్టాల దగ్గర సందడి మొదలవుతుంది. ఎద్దుల్ని చెరువుకో బోరు దగ్గరికో తోలుకెళ్లి, ఎండుగడ్డి చుట్టతో ఒళ్లు రుద్ది కడుగుతారు. కొమ్ములకు రంగులు వేస్తారు, మెడలో గజ్జెలు కడతారు, నుదుట పసుపు కుంకుమలు పెడతారు. పొంగలి వండి ముందు వాటి నోటికి అందిస్తారు. చేలో పొలి చల్లి వస్తారు. ట్రాక్టర్లు వచ్చాక కాడెద్దులు తగ్గిపోయాయి గానీ, పాడిగేదెలకైనా ఆ రోజు స్నానం తప్పదు. ఆ కొట్టంలో నిలబడి ఈ ఎద్దుకు ఆత్మ ఉందా అని అడిగితే రైతు మనల్ని వింతగా చూస్తాడు. ఊపిరి ఆడుతున్న ఒంట్లో జీవుడు ఉండక ఏమవుతాడు?

మన పెద్దలు తలలు బద్దలు కొట్టుకున్నది ఇంకో ప్రశ్న మీద. ఆ జీవుడు ఆ నాలుగు కాళ్ల ఒంటితోనే మోక్షం పొందగలడా, లేక మనిషిగా పుట్టేదాకా వేచి ఉండాలా? ఈ ప్రశ్నకు శాస్త్రం ఒక జవాబు చెప్పింది, భక్తులు ఇంకొకటి చెప్పారు. కృష్ణ ఒడ్డున పుట్టిన ఒక తెలుగు స్త్రీ, 1940లలో అరుణాచలంలో తాను చూసినవీ విన్నవీ ఉత్తరాలుగా రాసి పెట్టింది. ఆ ఉత్తరాలు చదివితే భక్తుల వైపే మొగ్గాలనిపిస్తుంది.

ముందు శాస్త్రం సంగతి. జైమిని మీమాంసా సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి, యజ్ఞం చేసే అధికారం ఎవరికుంది అన్న చర్చలో జంతువుల్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. కుక్కలు చతుర్దశి నాడు, డేగలు అష్టమి నాడు ఉపవాసం ఉండడం చూస్తున్నాం కదా, వాటికీ ధర్మం తెలుసేమో అని పూర్వపక్షం. ఒంట్లో బాగోక తినడం మానేశాయేమో, ధర్మం కోసం మానేశాయని ఎలా తెలుసు అని సమాధానం. వేదం చదవలేవు, ఆహుతికి కావలసిన ద్రవ్యం వాటికి లేదు, కాబట్టి అధికారం లేదని తేల్చేశారు. తేల్చిన తీరు కన్నా, ఒక వీధికుక్క పస్తు ఉండడాన్ని పట్టుకుని పండితులు అంత శ్రద్ధగా వాదించుకోవడమే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది.

ఆది శంకరులు బ్రహ్మసూత్ర భాష్యానికి ముందుమాటగా రాసిన అధ్యాస భాష్యంలో ఒక పశువు కనబడుతుంది. కర్ర ఎత్తి వచ్చేవాణ్ణి చూస్తే కొడతాడేమోనని పారిపోతుంది, చేతిలో పచ్చగడ్డి ఉన్నవాడి దగ్గరికి నడిచి వస్తుంది. కత్తి ఎత్తి అరుస్తూ వచ్చేవాణ్ణి చూసి తప్పుకునే పండితుడు చేసేదీ అదేనంటారు శంకరులు. లోకవ్యవహారంలో పశువుకూ పండితుడికీ తేడా లేదని అంతటి గ్రంథం మొదట్లోనే చెప్పేశారు. ఐరోపాలో దేకార్త్ 1637లో జంతువులు యంత్రాల వంటివని వాదించే వేళకు మన దగ్గర ఈ మాట వందల ఏళ్ల పాతది. అయినా మోక్షం దగ్గరికి వచ్చేసరికి మన గ్రంథాలు వెనక్కి తగ్గాయి. ఎనభై నాలుగు లక్షల యోనుల్లో తిరిగి తిరిగి దొరికే మనిషి జన్మే దానికి వాకిలి అన్నాయి.

ఈ వాకిలికి తెలుగు నేల మీద ఏనాడో గండి పడింది. సాలీడు, పాము, ఏనుగు పేర్లు కలిసి శ్రీకాళహస్తి అయిందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఆ కథను కావ్యం చేశాడు. సాలీడు శివుడి మీద గూడు అల్లుతుంది, దీపం మంట ఆ గూడును కాలుస్తుంది. పాము మణులు తెచ్చి పెడుతుంది. ఏనుగు వాటిని తోసేసి నీళ్లూ మారేడు పత్రీ తెస్తుంది. తన పూజ చెడగొడుతోందన్న కోపంతో పాము ఏనుగు తొండంలో దూరితే రెండూ చచ్చిపోతాయి. మూడింటికీ ముక్తి దొరుకుతుంది. వాటికి పూర్వజన్మ కథలు చెప్పేవాళ్లూ ఉన్నారు, ఉండనివ్వండి. ముక్తి వచ్చింది మాత్రం సాలీడుగా, పాముగా, ఏనుగుగా ఉన్నప్పుడే. అదే కావ్యంలో ధూర్జటి చదువూ మడీ లేని బోయ తిన్నడికీ అదే శివుణ్ణి ఇచ్చాడు.

భారతంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కను చాలామంది దీనికి ఉదాహరణగా చెబుతారు. నాకు అది సరిపోదు. కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు గొప్పవాడే. కానీ చివరికి ఆ కుక్క యమధర్మరాజుగా మారిపోయింది. కుక్క కుక్కగానే ఉండి ఉంటే రథం ఎక్కనిచ్చేవారా అన్నది తేలకుండానే కథ ముగుస్తుంది.

మైలవరం నుంచి జి.కొండూరు, కొండపల్లి మీదుగా విజయవాడ వచ్చి, కృష్ణ దాటి మంగళగిరి దారి పడితే కొలనుకొండ వస్తుంది. మొదట్లో చెప్పిన ఆ ఉత్తరాలు రాసిన సూరి నాగమ్మ గారు 1902లో పుట్టిన ఊరు అది. పెళ్లి అంటే ఏమిటో తెలియని వయసులో పెళ్లయింది, అంతలోనే భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి పిల్లకు మిగిలేది ఇంటి మూల. ఆమె ఆ మూలలోనే కూర్చుని చదువు కూడబలుక్కుంది, పద్యాలు అల్లడం నేర్చుకుంది. 1941లో అరుణాచలం చేరి రమణ మహర్షి సన్నిధిలో ఉండిపోయింది. అక్కడ జరిగేవన్నీ రాసి పంపమని అన్నగారు డి.ఎస్.శాస్త్రి అడిగితే, 1945 నవంబరు నుంచి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. అవే శ్రీ రమణాశ్రమ లేఖలు. ఉన్నది ఒక్కటే ఆత్మ అని చెప్పే ఏకాత్మ పంచకాన్ని రమణులు 1947లో ఈ నాగమ్మ గారు అడిగితేనే రాశారు, అదీ మొదట తెలుగులోనే.

ఆ లేఖల నిండా జంతువులున్నాయి. కోతులు, ఉడతలు, నెమళ్లు. 1947లో బరోడా మహారాణి ఇచ్చిన తెల్లనెమలి ఆశ్రమానికి వస్తే, అంతకుముందు ఏడాది పోయిన సేవకుడు మాధవస్వామే ఇలా తిరిగొచ్చాడని అక్కడివాళ్లు అనుకున్నారు. ఆశ్రమంలోని కుక్కల్ని రమణులు పిల్లలు అనేవారు. పిల్లలకు పెట్టారా అని అడిగి, వాటికి పెట్టాకే మిగతావాళ్లకు వడ్డించమనేవారు. ఏ జీవుడు ఏ కర్మశేషం తీర్చుకోవడానికి ఈ ఒంట్లో వచ్చి మన పంచన చేరాడో మనకేం తెలుసు అన్నది ఆయన ధోరణి.

అందరిలోకీ ముఖ్యురాలు లక్ష్మి అనే ఆవు. 1926లో గుడియాత్తం దగ్గరి నుంచి ఒక భక్తుడు ఆవునూ దూడనూ తెచ్చి ఇచ్చాడు. ఆ దూడే లక్ష్మి. చుట్టూ అడవి, చిరుతలు తిరిగే చోటు, మేపి కాపాడేవాళ్లు ఎవరని రమణులు మొదట వద్దన్నారు. చివరికి ఊళ్లో ఒకరింట ఉంచారు. కొన్నాళ్లకు లక్ష్మి తనంతట తానే ఊరి నుంచి ఆశ్రమానికి రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే వచ్చేది, పగలంతా ఉండి సాయంత్రం వెళ్లేది. తిన్నగా రమణుల దగ్గరికి వెళ్లి పాదాల మీద తల పెట్టేది. ఆయన పండు తినిపించేవారు. తర్వాత ఆశ్రమంలోనే గోశాల కట్టించారు. కొండ మీద ఆకుకూరలు ఏరుకుని, వండి యువ రమణుడికి పెట్టిన కీరైపట్టి అనే ముసలమ్మే ఇలా పుట్టిందని భక్తుల నమ్మకం. ఆమె 1921లో పోయింది. రమణులు ఔననీ కాదనీ తేల్చి చెప్పలేదు.

1948 జూన్ 18, శుక్రవారం. లక్ష్మి అవసానంలో ఉంది. ఆ ఉదయం రమణులు కొట్టంలోకి వెళ్లి గడ్డి మీద దాని పక్కన కూర్చున్నారు. తల ఒళ్లోకి తీసుకున్నారు. ఒక చేయి తల మీద, ఒక చేయి గుండె మీద ఉంచారు. అమ్మా అని పలకరించారు. ఆయన లేచి వెళ్లిన కాసేపటికి, పదకొండున్నర ప్రాంతంలో, అది కన్నుమూసింది. 1922 మే నెలలో కన్నతల్లి అళగమ్మాళ్ ప్రాణం పోతున్నప్పుడు కూడా ఆయన ఇలాగే కూర్చున్నారు, ఇలాగే తల మీద, గుండె మీద చేతులు ఉంచారు. ఆ తల్లి సమాధి మీద మాతృభూతేశ్వరాలయం వెలిసింది. లక్ష్మికి పాలూ నీళ్లతో అభిషేకం చేసి, విభూతి పూసి, పట్టుబట్ట కప్పి, ఆశ్రమంలో లేడి, కాకి, కుక్క సమాధుల వరుసలోనే పూడ్చారు. పైన రాతి ఆవు బొమ్మ ఇప్పటికీ ఉంది.

ఆ సమాధికి రమణులు స్వయంగా తమిళంలో పద్యం రాశారు. తిథి, వారం, నక్షత్రం చెప్పి, ఆ రోజున ఆవు లక్ష్మి విముక్తి పొందిందని అందులో ఉంది. దేవరాజ ముదలియార్ అనే భక్తుడు వకీలు కూడా. ఆయనకు సందేహం వచ్చింది. పెద్దవాళ్లు పోతే మర్యాదకు పరమపదించారంటాం కదా, ఇదీ అలాంటిదేనా, నిజంగా ముక్తేనా అని అడిగారు. నిజంగా ముక్తేనని రమణులు చెప్పారు. శబరస్వామి నాటి నుంచి నలిగిన తగవు ఆ జవాబుతో నా మట్టుకు తీరిపోయింది. శాస్త్రం అడిగిన అధికారం లక్ష్మికి ఏమీ లేదు. మంత్రం రాదు, ద్రవ్యం లేదు. రోజూ ఊరి నుంచి నడిచి రావడం ఒక్కటే తెలుసు.

ఇంతటి సంప్రదాయం మనుషుల విషయంలో ఏం చేసిందో చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఆవునూ ఏనుగునూ కుక్కనూ సమంగా చూసేవాడే పండితుడని గీత చెప్పింది. ఆ వరుసలోనే కుక్కమాంసం తినేవాణ్ణి కూడా చేర్చింది. మన పల్లెల్లో చచ్చిన గొడ్డును మోసుకెళ్లే పని ఒక కులం నెత్తిన పెట్టి, ఆ కులంవాళ్లను గుడి మెట్టు ఎక్కనివ్వలేదు. లక్ష్మి పోవడానికి ఒక్క ఏడాది ముందు, 1947లో, మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. సాలీడుకు ముక్తి ఇచ్చిన దేవుడి దగ్గరికి మనిషి వెళ్లడానికి చట్టం కావలసి వచ్చింది. ఇది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

బలుల సంగతీ ఉంది. గ్రామదేవత జాతరలో మేకపోతు మీద పసుపునీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా ఆగడం చాలా ఊళ్ల ఆచారం. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. కత్తి పట్టుకున్నవాడు, చుట్టూ ఉన్న జనం ఊపిరి బిగబట్టి ఆ మేక ఒంటివంకే చూస్తుంటారు. కొన్నిసార్లు మళ్లీ మళ్లీ చల్లాల్సి వస్తుంది. చంపబోయేదాని నుంచి కూడా ఏదో ఒక సమ్మతి కావాలన్న బెరుకు అందులో నాకు కనబడుతుంది. ఋగ్వేదంలోని అశ్వమేధ సూక్తం కూడా ఆ గుర్రానికి ఇది చావు కాదనీ దేవతల దగ్గరికి ప్రయాణమనీ నచ్చజెబుతుంది. అలాగైతే మీ నాన్ననే పంపించరాదా అని చార్వాకులు ఎదురు ప్రశ్న వేశారు. 1950లో మద్రాసు రాష్ట్రం జంతు పక్షి బలులను నిషేధిస్తూ చట్టం చేసింది. తమిళనాడు 2004లో దాన్ని రద్దు చేసుకుంది గానీ, ఆంధ్రలో ఆ చట్టం అలాగే కొనసాగింది.

పెంపుడు జంతువుల మీద మమకారం పెంచుకుంటే వచ్చే జన్మలో జంతువై పుడతామని భయపెట్టేవాళ్లు భాగవతంలోని భరతుడి కథ చెబుతారు. రాజ్యం వదిలి తపస్సుకు వెళ్లిన భరతుడు, సింహగర్జనకు బెదిరి ఏరు దూకిన తల్లి కడుపులోంచి నీళ్లలో జారిపడ్డ లేడిపిల్లను పెంచాడు. దాన్నే తలుచుకుంటూ చచ్చిపోయి లేడిగా పుట్టాడు. అయితే ఆ లేడికి పూర్వజన్మ జ్ఞాపకం పోలేదు. పోగొట్టుకున్నదాని కోసం పశ్చాత్తాపపడుతూ, తల్లి లేడిని వదిలి ఆశ్రమాల దగ్గరే తిరిగింది. లేడి ఒంట్లో ఉండి కూడా వైరాగ్యం సాధించవచ్చని ఆ కథే చెబుతోంది. ఏట్లో కొట్టుకుపోతున్న పిల్లను ఒడ్డుకు తీయడం తప్పని భాగవతం ఎక్కడా అనలేదు.

ఏట్లో కొట్టుకుపోవడం మా ప్రాంతానికి కొత్త కాదు. మైలవరం చుట్టూ ఉన్న కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో జి.కొండూరు మండలం దగ్గర గట్లు తెంచుకుని విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మనుషులతో పాటు గొడ్లూ కొట్టుకుపోయాయి. కట్టుతాడు విప్పేవాళ్లు లేక కొట్టంలోనే మునిగిపోయిన వాటికి కర్మ ఎవరు చేయాలి?

శాస్త్రంలో జంతువుకు ప్రత్యేకంగా అంత్యేష్టి లేదు. సంస్కారాలు మనుషులకే చెప్పారు. కానీ వైశ్వదేవంలో గృహస్థు రోజూ తాను తినకముందు కుక్కకూ కాకికీ పురుగుకూ నేల మీద అన్నం పెట్టాలని మనుస్మృతి చెబుతోంది. ఇంటి ఎద్దు పోతే పసుపు కుంకుమలు పెట్టి సొంత చేలోనే పూడ్చుకునే రైతులున్నారు. పెంపుడు కుక్కకు పదకొండో రోజున నలుగుర్ని పిలిచి భోజనం పెట్టినవాళ్ల గురించి పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. అలా చేయవచ్చా అని పురోహితుణ్ణి అడగడానికి మొహమాటపడేవాళ్లకు నేను గయ గుర్తు చేస్తాను. అక్కడ పిండం పెట్టేటప్పుడు చదివే శ్లోకాల్లో పశువులుగా, పక్షులుగా, పురుగులుగా, పాములుగా పుట్టినవాళ్లకూ భాగం ఉంది. ఈ జన్మలో బంధువులైనవాళ్లకూ, కానివాళ్లకూ, ఇంకో జన్మలో అయినవాళ్లకూ ఉంది. అవి మన పితరులు అలా పుట్టి ఉంటే వాళ్ల కోసం అని పండితులు వివరిస్తారు. కావచ్చు. మన గుమ్మంలో పన్నెండేళ్లు కాపలా పడుకున్నది ఏ జన్మలో మనకు ఏమైందో తెలియదు కాబట్టి, ఆ పిండం పెట్టేటప్పుడు దాని పేరు కూడా తలుచుకోవడానికి ఆ శ్లోకాలు చాలు.