సిలిండరును తొలిచిన యంత్రమేది?

కర్మాగారపు మూలలో పాతయంత్రమొకటి కనబడినది. దానిపై తయారుచేసినవారి పేరు లేదు, సంఖ్య లేదు. అది ఏ తరహాదో గుర్తించుట ఎట్లు? దాని పనిని బట్టి గుర్తింపవలెను. తిరుగునది వస్తువా, పనిముట్టా? పనిముట్టును మోయునది ఏది? వస్తువు ఒకవైపు తెరచియున్నదా, రెండువైపులనా? ఈ మూడు ప్రశ్నలతో ఆవిరియంత్ర చరిత్రలోని చిక్కొకటి విడిపోవును.

న్యూకొమెన్ 1712లో నెలకొల్పిన యంత్రములో సిలిండరు సరిగా గుండ్రముగా లేకున్నను పని జరిగెడిది. పిస్టనుపై కొంత నీరు నిలిపి సందులను మూసెడివారు. జేమ్స్ వాట్ 1769లో పేటెంటు పొందిన పద్ధతి వేరు. అందు ఆవిరిని మరొక పాత్రలో చల్లార్చుదురు. సిలిండరు ఎల్లప్పుడును వేడిగా ఉండవలెను. కనుక చన్నీటి మూత పనికిరాదు. స్కాట్లండులోని కిన్నీల్ వద్ద వాట్ 18 అంగుళముల సిలిండరుతో యంత్రమును నిర్మించెను. పిస్టను చుట్టును కార్కు, నూనెగుడ్డలు, నార, తుదకు పాత టోపీలు సైతము చుట్టి చూచెను. అయినను ఆవిరి కారుచునే యుండెను. సిద్ధాంతము సరియైనదే; దానికి తగిన సిలిండరును తొలువగల యంత్రము మాత్రము లేదు.

స్మీటన్ అంతకుముందే కారన్ ఇనుప కర్మాగారమునకు ఒక తొలుపుడు యంత్రమును రూపొందించియుండెను. అందు కత్తులుగల తల పొడవైన కడ్డీ కొనయందుండును. ఆ కొనను చిన్న బండి మోయును. బండి సిలిండరు లోపలి గోడమీదనే నడచుటచే, పోతలోని మిట్టపల్లములను కత్తియు అనుసరించెడిది. నునుపు వచ్చెడిది గాని తిన్నదనము రాకుండెడిది.

ఇంగ్లండునకు చెందిన ఇనుప పరిశ్రమాధిపతి జాన్ విల్కిన్సన్ 1774లో ఫిరంగులను తొలుచు యంత్రమునకు పేటెంటు పొందెను. ఆ పేటెంటు 1779లో రద్దయినది. ఈలోగా 1775లో ఆయన వాట్ యంత్రమునకు సిలిండరును తొలిచి ఇచ్చెను. పెక్కు పుస్తకములు ఈ రెండు పనులను ఒకే యంత్రమునకు అంటగట్టినవి. పై ప్రశ్నలు వేసినచో పొరపాటు తేలిపోవును.

ఫిరంగి ఒకవైపు మూసియుండును. కనుక కడ్డీ మూతివైపునుండి మాత్రమే ప్రవేశింపగలదు. ఆ యంత్రములో ఫిరంగి తిరుగును. కడ్డీ తిరుగక ముందునకు జరుగును. ఆవిరి సిలిండరు పోత రెండువైపులను తెరచియుండును. అందుచే విల్కిన్సన్ సిలిండరును కదలకుండ బిగించి, కడ్డీని దాని ఈ కొసనుండి ఆ కొసకు పోనిచ్చి, బయట రెండు చివరలను ఆధారములపై నిలిపెను. కడ్డీ తిరుగుచుండగా కత్తులతల దాని వెంబడి జరుగును. ఇప్పుడు కత్తికి దారిచూపునది వంకరగోడ కాదు, తిన్నని కడ్డీ. కావున ఇది ఫిరంగియంత్రము కాదు, వేరొక యంత్రమే.

1776లో టిప్టన్ బొగ్గుగని వద్ద 50 అంగుళముల సిలిండరుగల వాట్ యంత్రము పనిచేయ మొదలిడెను. ఆ సిలిండరులోని తేడా పాత షిల్లింగు నాణెపు మందమంతయు లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ వ్రాసెను. నేడు మోటారు ఇంజనులలో అంగుళమున వేయవవంతు తేడానుకూడ పట్టించుకొందురు. అయినను ఆనాటికి ఆ కొలత చాలినది, ఆవిరి నిలిచినది.

నేటికిని ఇంజను మరమ్మతుశాలలలో క్రాంకుషాఫ్టు బేరింగుల గుంటలను ఒకే వరుసలో తొలుచుటకు పలుచోట్ల ఆధారములుగల పొడవైన కడ్డీని వాడుదురు. పేరుపలక ఊడిపోయినను, ఆ ఆధారములను చూచిన విద్యార్థి దాని వంశమును చెప్పగలడు.